క్రిస్మస్ నాటి పర్లాకిమిడిలో ఒక డిటెక్టివ్ నవల: మొదటి ఆలోచన నుంచి చివరి పేజీ దాకా

ఇప్పుడు ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న పర్లాకిమిడి బజారులో బేరం తెలుగులో మొదలై ఒడియాలో తెగడం ఇప్పటికీ మామూలే. సంత రోజున కొండల మీద నుంచి సవర గిరిజనులు దిగితే మూడో భాష కూడా వినబడుతుంది. ఒకరు చెప్పింది ఇంకొకరికి మరోలా అర్థం కావడం, దాని మీద తగువు పడడం, మళ్ళీ కలిసి నవ్వుకోవడం ఇక్కడ పుట్టిపెరిగినవాళ్ళకు కొత్త కాదు. డిటెక్టివ్ కథకు ఇంతకంటే సారవంతమైన నేల నాకు తెలియదు.

కోజీ మిస్టరీ అని పేరుపడ్డ నవలల్లో రక్తపాతం ఉండదు, ఉన్నా తెర వెనుకే జరిగిపోతుంది. చిన్న ఊరు, ఒకరినొకరు ఎరిగిన మనుషులు, పోలీసు ఉద్యోగం లేకపోయినా నిజం కోసం ఆరాటపడే ఒక పెద్దమనిషి, చివరికి కుదుటపడే ఊరు, ఇవీ దాని లక్షణాలు. క్రిస్మస్ పూట అలాంటి కథ నడిపితే మనుషులందరినీ ఒకచోటికి చేర్చే పని పండుగే చేసిపెడుతుంది. చాలామంది తెలుగులో ఇది రాయబోయి పడమటి దేశాల మంచునీ, చలిమంట గదినీ, కేకునీ అరువు తెచ్చుకుంటారు. ఆ అవసరం లేదు. నేరం, దాని ఆధారం, నేరస్థుడి కారణం మూడూ ఒకే ఊరి నుంచి, ఒకే సంవత్సరం నుంచి పుట్టాలి. ఈ మార్గదర్శిలో నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. అందుకోసం ఒక కథను మీ ఎదుటే కట్టి చూపిస్తాను.

మొదటి అడుగు: ఊరు మారబోయే ఏడాదిని ఎంచుకోండి

పాతకాలం అంటే సరిపోదు, ఫలానా డిసెంబరు అని తేల్చుకోవాలి. నేను 1935 తీసుకుంటాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది. గంజాం జిల్లాలో చాలా భాగం, విశాఖపట్నం జిల్లాలోని జయపురం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి అందులో చేరాయి. పర్లాకిమిడి పట్టణం అటు వెళ్ళింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటే ఉండిపోయింది. అంటే 1935 క్రిస్మస్ మద్రాసు ఏలుబడిలో ఆ ఊరికి చివరి క్రిస్మస్. కచేరీ గుమాస్తా నుంచి బడిపంతులు దాకా అందరి మనసులోనూ ఏప్రిల్ తర్వాత మన గతి ఏమిటన్న ప్రశ్న ఉంటుంది. పాత్రలకు ఆందోళన మీరు కల్పించనక్కరలేదు, కాలమే కల్పిస్తుంది.

అదే ఊరిలో అప్పటికి గిడుగు రామమూర్తి పంతులుగారు ఉన్నారు. సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు సమకూర్చిన మనిషి. ఊరు ఒడిశాలో కలవడంతో 1936లో రాజమహేంద్రవరం తరలిపోయారు. ఆ ఊరి ప్రభువు కృష్ణచంద్ర గజపతి ఒడిశా రాష్ట్రం కోసం పాటుపడి, 1937లో దానికి తొలి ప్రధాని (ఇప్పటి మాటలో ముఖ్యమంత్రి) అయ్యారు. ఒకే వీధిలో రెండు కోరికలు ఎదురెదురుగా నడిచిన కాలమది. ఇలాంటి ప్రసిద్ధులను కథలో దూరం నుంచి మాత్రమే చూపండి. పంతులుగారు చేతికర్రతో వీధి దాటి వెళ్ళవచ్చు. వారు అనని మాటను వారి నోట పెట్టడం మాత్రం నాకు తప్పుగా తోస్తుంది.

మీకు వేరే ఊరు నచ్చితే బరంపురం పట్టునేత వీధులున్నాయి. గోపాలపురం రేవు నుంచి రంగూను వెళ్ళే ఓడలున్నాయి. కొరాపుట్, జయపురాల్లో జర్మను లూథరన్ మిషను ఉంది. ఏదైనా పట్టుకోండి, రెండింటినీ కలపకండి.

రెండో అడుగు: పంచాంగం తెరవండి

ఇది అర్ధగంట పని, వదిలేస్తే మాత్రం పుస్తకం పరువు పోతుంది. 1935 డిసెంబరు 25 బుధవారం. ఆ రోజు అమావాస్య. సూర్యగ్రహణం కూడా పట్టింది కానీ అది దక్షిణ ధ్రువం వైపు, మనకు కనబడలేదు. కనుక మీ కథలో క్రిస్మస్ ముందు రాత్రి కటిక చీకటి. వెన్నెల్లో పాటలు పాడుతూ వచ్చారు అని రాశారో, ఇంట్లో పాత పంచాంగాలు దాచుకునే పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు. సాక్షి ఒకడు వెన్నెల వెలుగులో ముఖం చూశానని అబద్ధమాడి దొరికిపోవడం మంచి ఎత్తే, కానీ మనవాళ్ళలో తిథి తెలియనివారు తక్కువ. దాన్ని మూడో అధ్యాయంలో చిన్న అబద్ధంగా వాడుకోండి, అసలు ముడి విప్పడానికి దాచుకోకండి.

ధనుర్మాసం నడుస్తోంది. తెల్లవారకముందే హరిదాసు చిడతలు, ముగ్గుల మధ్య గొబ్బెమ్మలు. అంటే చీకటితోనే లేచి వీధిలోకి వచ్చే ఆడవాళ్ళు ప్రతి ఇంటికీ ఒకరున్నారు. సాక్షులకు కొదవ లేదు. కళ్ళాల్లో వరి కుప్పలు, కొత్త బెల్లం వాసన, ఉదయం ఏటి మీద పొగమంచు. ఇక రైలు. నౌపడా నుంచి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల పట్టాల మీద చిన్న రైలు 1900లో వచ్చింది, 1931 నాటికి గుణుపురం దాకా సాగింది. పెద్ద లైను మీద వచ్చే ఉత్తరమైనా, మనిషైనా, పోలీసు అధికారి అయినా నౌపడాలో దిగి ఆ చిన్న బండి ఎక్కాల్సిందే. కథకు గడువు పెట్టడానికి ఆ బండి చాలు: శుక్రవారం బండికి అధికారి దిగుతాడు, ఈలోగా నిజం తేలాలి.

మూడో అడుగు: ఎవరి క్రిస్మస్?

క్రైస్తవులంతా ఒకటే పద్ధతిలో పండుగ చేస్తారనుకుంటే మొదటి తప్పు అక్కడే దొర్లుతుంది. పర్లాకిమిడి వైపు పనిచేసింది కెనడా బాప్టిస్టు మిషను. కొండల్లో సెరంగో దాని సవర కేంద్రం. బాప్టిస్టు గుడిలో అర్ధరాత్రి పూజబలి ఉండదు, పాపసంకీర్తనం వినే గది ఉండదు, పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. అవి పెట్టారంటే మీరు ఊరిని చూడలేదని తెలిసిపోతుంది.

ఉండేవి ఇవి: వెదురు బద్దలకు రంగుకాగితం అంటించి లోపల దీపం పెట్టిన నక్షత్రం, హార్మోనియం, తాళాలు, లాంతరు పట్టుకుని ఇంటింటికీ తిరిగే పాటల బృందం, తెల్లవారగానే కొత్తబట్టలు, ఆరాధన, కానుకలు, అరిసెలు. నూనె మూకుడు దగ్గర కూర్చున్న ముసలమ్మ రెండు అప్పడాల కర్రల మధ్య అరిసెను ఒత్తి నూనె పిండుతున్నప్పుడు వచ్చే వాసనను ఒక్క వాక్యంలో పట్టుకోండి. పాఠకుడికి కావలసిన హాయి అంతా అందులోనే దొరుకుతుంది.

నాలుగో అడుగు: అన్నీ వినే మనిషి

పరిశోధకుడిగా బారిస్టరునో, మద్రాసు నుంచి దిగిన డిటెక్టివ్‌నో తేకండి. మన ఊళ్ళలో అందుకు పుట్టిన మనిషి ఒకావిడ ఉంది: పూటకూళ్ళమ్మ. స్టేషనుకూ కచేరీకీ మధ్య వీధిలో ఆమె ఇల్లు. వ్యాజ్యాల కోసం వచ్చిన రైతు, బదిలీ మీద వచ్చిన గుమాస్తా, రైల్వే ఉద్యోగి, అందరూ ఆమె విస్తరి ముందే కూర్చుంటారు. ఎవరు ఏ బండికి దిగారో, ఎవరికి రాత్రి అన్నం సహించలేదో ఆమెకు తెలుసు. తూకాలు, ధరలు, అప్పులు వేళ్ళ మీద ఉంటాయి. పోలీసుకు లేని అధికారం ఆమెకు ఉంది: "ఏం బాబూ, అలా ఉన్నావు?" అని ఎవరినైనా అడగగలదు.

ఇక్కడ ఒక మాట మనసులో పెట్టుకోండి. 1935లో ఆ ఇంటి లోపలి వసారాలో కొందరికే విస్తరి పడేది. మాలపల్లె నుంచి వచ్చిన క్రైస్తవుడికీ, కొండ దిగిన సవరకూ వీధి అరుగే హద్దు. హాయైన కథ కదా అని దీన్ని తుడిచేస్తే అది చరిత్రకు ద్రోహం. ఉపన్యాసాలూ అక్కరలేదు. ఎవరు అరుగు మీద కూర్చున్నారు, ఎవరు కింద నిలబడ్డారు, నీళ్ళు ఎలా పోశారు అన్నది ప్రతి సన్నివేశంలో స్పష్టంగా రాయండి చాలు. కథ సాగేకొద్దీ ఆమె తన అరుగును తనే కొత్తగా చూడడం మొదలుపెట్టాలి.

ఐదో అడుగు: నేరాన్ని ఆ నేల నుంచి తవ్వి తీయండి

ఇది నవలకు గుండెకాయ. తొందరపడకండి, నెల పట్టినా పట్టనివ్వండి.

కొండ మీది సంఘం క్రిస్మస్ కానుకగా కొంత డబ్బు కూడబెట్టింది. కందులు అమ్మగా వచ్చినవి, అణాలు మార్చి తెచ్చినవి, అన్నీ వెండి రూపాయలు. అక్కడి ఒడియా పంతులు చిన్న చీటీ రాసి, గుడ్డ మూట కట్టి, మిషనులోనే విప్పాలని చెప్పి ఒక సవర యువకుడి చేతికిచ్చాడు. అతడు 24 సాయంత్రానికి పర్లాకిమిడి చేరి మూటను మిషను గుమాస్తాకు అప్పగించాడు. పాటల బృందం బయలుదేరే హడావుడి. గుమాస్తా చీటీ చూసి 88 రూపాయలని రిజిస్టరులో రాసి, మూటను పెట్టెలో వేసి తాళం పెట్టాడు. యువకుడు గుడి వసారాలో పడుకున్నాడు. తెల్లవారి సంఘం ముందు మూట విప్పితే 44 ఉన్నాయి. "నేను లెక్కపెట్టే వేశాను" అన్నాడు గుమాస్తా. కళ్ళన్నీ వసారా వైపు తిరిగాయి.

నిజానికి కొండ మీద నుంచి వచ్చినవే 44. ఒడియా నాలుగు అంకెకు కింద సున్న, పైన తెరిచిన రెండు కొమ్ములు ఉంటాయి. తొందరలో ఆ కొమ్ములు కలిసిపోతే అచ్చం ఇంగ్లీషు ఎనిమిదే. మిషను లెక్కలు ఇంగ్లీషు అంకెల్లో నడుస్తాయి, గుమాస్తా కంటికి అలవాటైనవి అవే.

ఇంతవరకే అయితే ఇది పొరపాటు, నవల కాదు. పాఠకుడు రెండు వందల పేజీలు చదివి చివరికి ఎవరూ ఏమీ చెయ్యలేదని తెలిస్తే కోప్పడతాడు, ఆ కోపం న్యాయమే. అందుకే ఇక్కడ నేరం దొంగతనం కాదు, మౌనం. క్రిస్మస్ రాత్రి గుమాస్తా చీటీని మళ్ళీ చూసుకుంటాడు. విషయం అర్థమవుతుంది. లెక్కపెట్టకుండానే రాశానని, ఒడియా అంకె పోల్చుకోలేకపోయానని ఒప్పుకుంటే ఏప్రిల్ తర్వాత తనను ఎవరు ఉంచుకుంటారు? దీపం వత్తి పెంచి చీటీ అంటిస్తాడు. ఆ కాగితం కాలిన క్షణం నుంచి అతడు నేరస్థుడు, ఎందుకంటే ఒక అమాయకుడు సంకెళ్ళ దగ్గరికి వెళుతుంటే చూస్తూ ఊరుకున్నాడు. 1935 కాకపోతే అతడికి ఆ భయం లేదు. పర్లాకిమిడి కాకపోతే ఆ అంకె లేదు. మీ కథకు కూడా ఈ పరీక్ష పెట్టండి: ఊరి పేరు తీసేసి ఇంకో ఊరి పేరు పెడితే కథ నిలబడుతోందా? నిలబడితే మళ్ళీ తవ్వండి.

ఆరో అడుగు: ఆధారాలను వంటింట్లో దాచండి

చీటీ కాలిపోయింది. మరి నిజం ఎలా తేలాలి? మూడు ఆధారాలు వేశాను, మూడూ పాఠకుడి కళ్ళ ముందే ఉంటాయి.

మొదటిది తక్కెడ. వెండి రూపాయి తులం ఎత్తు ఉండేది, తూకపు రాయి లేకపోతే రూపాయలు వేసి తూచడం అందరికీ అలవాటు. మూడు తులాలు పలం, ఎనిమిది పలాలు సేరు, అంటే సేరుకు 24 తులాలు. 24 సాయంత్రం మిషనుకు వెళ్ళేముందు యువకుడు పూటకూళ్ళమ్మ అరుగు దగ్గర ఆగుతాడు. దీన్ని రెండో అధ్యాయంలో ఇలా రాస్తాను:

"యువకుడు అడ్డాకుల కట్టలు అరుగు మీద దించాడు. ఆవిడ కొత్త బెల్లం అచ్చును తక్కెడలో పెట్టి చుట్టూ చూసింది. రెండు సేర్ల రాయిని పక్కింటివాళ్ళు పట్టుకెళ్ళారు. కోమటి రెండు సేర్లన్నాడు, ఏమిచ్చాడో ఏమో. 'నీ మూట ఇటు పెట్టు బాబూ, విప్పనులే' అంది. మూట పెడితే బెల్లం వైపు మొగ్గింది. రొంటిన ఉన్న సంచిలోంచి రూపాయి తీసి మూట పక్కన వేసింది. ఇంకొకటి. మూడు. నాలుగోది వేసేసరికి ముల్లు నిలబడింది. 'ఎంతుంది ఇందులో?' అతడు వేళ్ళు చూపించి తన భాషలో ఏదో అన్నాడు. ఆవిడకు అర్థం కాలేదు. 'పోనీ, మిషనువాళ్ళు రేపు చెబుతారుగా, అప్పుడు కట్టుకుంటా లెక్క' అనుకుని తన నాలుగు రూపాయలు సంచిలో వేసుకుంది."

పాఠకుడు దీన్ని పిసినారి ముచ్చటగా చదివి ముందుకు పోతాడు. ఐదో అధ్యాయంలో తూకపు రాయి తిరిగి వస్తుంది. బెల్లం సరిగ్గా రెండు సేర్లు, 48 తులాలు. అంతటితో వదిలేయండి. ముడి విప్పే పూట ఆవిడ అంటుంది: "మూటలో 88 ఉంటే, నా నాలుగుతో కలిపి 92. నాలుగు సేర్లకు నాలుగు తులాలే తక్కువ. రెండు సేర్ల డబ్బు పుచ్చుకుని అంత బెల్లం ఇచ్చే కోమటి ఈ ఊళ్ళో ఎక్కడున్నాడండీ?"

రెండోది సవర లెక్క. వాళ్ళ భాషలో పన్నెండు దాకా విడి పేర్లు. తర్వాత పన్నెండూ ఒకటి, పన్నెండూ రెండు అంటూ పంతొమ్మిది దాకా పోయి, అక్కడి నుంచి ఇరవైల లెక్క. 44 అంటే రెండు ఇరవైలూ నాలుగు. అతడు మొదటి నుంచీ చెబుతున్నది అదే. హెడ్ కానిస్టేబులు ముందు దుబాసీ "ఇరవై నాలుగంటున్నాడు, మాట మారుస్తున్నాడు" అని తేల్చేస్తాడు. చివరికి ఆవిడ అరుగు మీద చింతగింజలు పోసి లెక్కపెట్టమంటుంది. అతడు ఇరవై ఒక కుప్ప, ఇరవై ఒక కుప్ప, పక్కన నాలుగు పెడతాడు. ఈ సన్నివేశంలో గెలిచేది అతడు. సవర పాత్రను ఇతరులు కాపాడే నోరులేని మనిషిగా రాయకండి. అతడి లెక్క మొదటి నుంచీ సరైనదే, వినే చెవులే లేకపోయాయి.

మూడోది ఒడియా వర్తకుడి చిట్టా. ఏదో పప్పు కొన్న సందర్భంలో అందులో నాలుగును ఆవిడ ఎనిమిదిగా చదివి తగువు పెట్టుకుంటుంది, వర్తకుడు నవ్వి సరిదిద్దుతాడు. సరదా సంభాషణగా రాయండి. ఒక్క అధ్యాయంలో రెండు ఆధారాలు ఎప్పుడూ పెట్టవద్దు, ఆధారం మీదే పేరా ముగించవద్దు.

ఏడో అడుగు: అనుమానితులు

నలుగురు చాలు. పెట్టెకు రెండో తాళంచెవి ఉన్న కాపలాదారు, అప్పుల్లో ఉన్న హార్మోనియం వాయించే అబ్బాయి, వెన్నెల అబద్ధమాడినవాడు, గుమాస్తా. ప్రతివారికీ దాచుకోవలసిన చిన్న రహస్యం ఒకటి ఇవ్వండి. అబద్ధమాడినవాడు ఆ రాత్రి జీలుగ కల్లు తాగి పడిపోయాడు, సంఘానికి తెలిస్తే సిగ్గు, అంతే. గుమాస్తాను మాత్రం మంచివాడిగానే పరిచయం చేయండి. అతడు అరిసెలు తెచ్చి యువకుడికి పెట్టాలి, మాట్లాడుతూ కళ్ళు దించుకోవాలి.

ఎనిమిదో అడుగు: మాట

కథనం నేటి వాడుక భాషలో సాగనివ్వండి. కాగితం మీదికి వచ్చేది మాత్రం కాలానికి తగ్గట్టు ఉండాలి. ఎస్టేటు కచేరీకి పెట్టుకునే అర్జీ గ్రాంథికం వాసన కొట్టాలి, అదే మనిషి ఇంటికి రాసే కార్డు మామూలు మాటల్లో ఉండాలి. వాడుక భాష కోసం పోరాటం సాగిన ఊరిలోనే కథ జరుగుతోంది కాబట్టి ఈ తేడా మీకు ఉచితంగా దొరికిన రంగు. తెల్లవారిని దొరగారు, దొరసానిగారు అంటారు. బడిపంతులును పంతులుగారూ అంటారు. డబ్బు రూపాయలు, అణాలు, దమ్మిడీల్లో నడవాలి. వాడుకున్న ప్రతి మాటకూ కింద అర్థాలు ఇచ్చుకుంటూ పోకండి, తక్కెడ సన్నివేశంలో లాగా పని చేయించి చూపండి.

తొమ్మిదో అడుగు: ముడి విప్పడం, ముగింపు

అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి ఉపన్యాసం ఇప్పించవద్దు. మన ఊళ్ళలో పంచాయతీ అరుగు మీదే జరుగుతుంది, దారినపోయేవాళ్ళు కూడా నిలబడతారు. శుక్రవారం బండి కూత దూరంగా వినబడుతుండగా తక్కెడ, బెల్లం, చింతగింజలు బయటికి రావాలి. గుమాస్తా పేరు ఆవిడ చెప్పకూడదు. లెక్క పూర్తయ్యాక వచ్చే నిశ్శబ్దంలో అతడే లేవాలి. శిక్ష పోలీసుల చేతికి వెళ్ళకుండా మిషను దొరగారు ఆపవచ్చు. క్షమించాలా వద్దా అన్న మాట మాత్రం సవర యువకుడిదే కావాలి, అతడు వెంటనే క్షమించనవసరం లేదు.

రాసేశాక పది రోజులు పక్కన పెట్టి, ఒక ఒడియా మిత్రుడికీ, వీలైతే ఒక సవర మిత్రుడికీ కథ చెప్పి వినిపించండి. మనం ఒక్క భాషలోంచి చూసి చేసిన తప్పులు వాళ్ళకు చప్పున దొరుకుతాయి.

చివరి అధ్యాయం మార్చి నెలాఖరులో పెట్టాను. సామాను కట్టిన బళ్ళు పాతపట్నం వైపు వెళుతుంటాయి. పూటకూళ్ళమ్మ వసారాలో, ఈసారి అరుగు కింద కాదు, కొండ పంతులు కూర్చుని గుమాస్తాకు ఒడియా అంకెలు నేర్పుతున్నాడు. యువకుడు అడ్డాకుల కట్టకు చేరబడి చూస్తున్నాడు. గుమాస్తా పలక మీద నాలుగు రాస్తాడు, కొమ్ములు కలవకుండా, మెల్లగా. యువకుడు వంగి ఆ పలకను తన వైపు తిప్పుకుంటాడు. అక్కడ కలం ఆపండి.